మందలు ఊళ్ళో లేనప్పటి ఎన్నిక

సహకార శాఖలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. ఆడిట్ ఎట్లా చేయాలి, రిజిస్టర్లలో ముందు ఏది చూడాలి అని అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, మూడు నెలల్లో చేతికి వచ్చేస్తాయి. నేను మాత్రం ఎన్నికల మాట ఎత్తుతాను. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ముప్పై ఏళ్ళు తిరిగి నేను చేసిన అసలు పని అదే. పాల సంఘం, చేనేత సంఘం, గొర్రెల పెంపకందార్ల సంఘం, ఏదైనా సరే. బ్యాలెట్ పేపర్ల కట్ట, స్టాంపు ప్యాడు, మధ్యాహ్నానికి జొన్న రొట్టె సంచిలో పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి.

ఏ ఊరికి పోయినా ఒక ప్రశ్న తప్పేది కాదు. "సారూ, డైరెక్టర్లను మేమే ఎన్నుకుంటం. అధ్యక్షున్ని మేమెందుకు ఎన్నుకోవద్దు?"

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మా సంఘాల్లో సభ్యులందరూ ఓటేసి తొమ్మిది మంది డైరెక్టర్లను ఎన్నుకుంటారు. ఆ తొమ్మిది మంది ఒక గదిలో కూర్చుని తమలో ఒకరిని చేతులెత్తి అధ్యక్షుణ్ణి చేసుకుంటారు. కాగితాల మీద సంతకం మాత్రం ఆ ఒక్కడిదే. ఊరు ఓటేసేది తొమ్మిది మందికి, ఊరి ఆస్తి చేతిలో ఉండేది ఒకడికి.

ఆ ప్రశ్నకు ఇరవై ఏళ్ళు నేను ఒకటే జవాబు చెప్పాను, రూలు అట్లా ఉందని. అది జవాబు కాదు, తప్పించుకోవడం. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, అదీ ఒక ఊరికి నష్టం చేశాక తెలిసింది. ఆ ఒక్క ఊరి సంగతే ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు, బీరువాలో మడతపెట్టి ఉన్న సన్మానం శాలువాలు మీకెందుకు.

నేర్చుకోకూడనిది, మరిచిపోకూడనిది

నల్లగొండలో నా మొదటి పై అధికారి మంచివాడే, కాకపోతే భయస్తుడు. "ఎన్నికంటే ఏం లేదయ్యా. పొద్దున పోవాలి, ఎవరూ తలలు పగలగొట్టుకోకుండా సాయంత్రం బయటపడాలి" అనేవాడు. ఒకసారి ఆయన వెంట ఒక పాల సంఘం అధ్యక్ష ఎన్నికకు పోయాను. ఐదుగురు డైరెక్టర్లు క్యాంపు నుంచి ఒకే జీపులో దిగారు. అధ్యక్షుడి పేరు ప్రతిపాదించవలసిన మనిషి లేచి నిలబడి, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, "పేరేంది?" అని అడిగాడు. నేను కలం ఆపాను. మా సారు నా చెవిలో, "రాసుకో, రాసుకో. ఐదు చేతులు లేచాయా లేదా, అంతవరకే మన పని" అన్నాడు. నేను రాసుకున్నాను. ఆ పాఠం నాకు చాలాకాలం పనికొచ్చింది. అది పనికిరాని పాఠమని తెలుసుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

రెండో పాఠం మా ఇంట్లోది. మా నాయిన దేవరకొండ దిక్కు ఒక పెద్ద రైతు దగ్గర జీతగాడు. ఎన్నికల రోజు ఆ ఆసామి జీతగాళ్ళ పేర్ల మీద తన మనుషులతో ఓట్లు వేయించి, పొలానికి కబురు పంపేవాడు: "నీ ఓటు పడ్డది, పని చూసుకో." ఆదివారం చర్చికి పోయి వచ్చాక మా నాయిన అరుగు మీద కూర్చుని ఒకనాడు అన్నాడు, "నా ఓటు ఎన్నడూ నేను ఎయ్యలె బిడ్డా. ఎవడో ఏసిండు, నాకు చెప్పిండు." ఆ మాట నా గుండెల్లో ముల్లులాగా ఉండిపోయింది. ఉద్యోగంలో చేరిన రోజే ఒట్టు పెట్టుకున్నాను. నా కళ్ళముందు ఒకరి ఓటు ఇంకొకరు వేయడం జరగదు. ఎవరు సిఫారసు తెచ్చినా, ఎవరు బెదిరించినా జరగనివ్వలేదు. "ఈయన ఎలక్షన్ల చచ్చినోళ్ళకు కష్టమే" అని ఆఫీసులో నవ్వేవారు. ఆ మొండితనం నాకు గర్వంగా ఉండేది.

మంచి మొండితనం కూడా తప్పు చేయిస్తుందని నేను అప్పట్లో అనుకోలేదు.

మూడు రోజుల ఎడం

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను పాలమూరుకు వేశారు. కొత్తకోట దగ్గర హైవే దిగి కొంత లోపలికి పోతే ఒక ఊరు. పేరు రాయను. గొల్ల కురుమలు ఎక్కువ. సబ్సిడీ గొర్రెలు వచ్చిన కాలంలో వయసొచ్చిన ఆడామగా అందరూ చేరడంతో సంఘంలో సభ్యులు రెండు వందల పైచిలుకు అయ్యారు.

సంఘం పేరు మీద గుట్ట కింద నలభై ఎకరాల మేత జాగా ఉంది. బయటివాళ్ళకు అది రాళ్ళ బీడు. కాపరులకు అదే ప్రాణం. వానలు పడి చేన్లన్నీ విత్తుకున్నాక గొర్రె కాలు మోపడానికి ఊళ్ళో ఇంకో చోటు ఉండదు. ఆ నాలుగు నెలలు మందలను బతికించేది ఆ బీడే. షాద్‌నగర్ చుట్టూ నిండిన ప్లాట్లు హైవే పట్టుకుని దక్షిణానికి పాకుతున్న రోజులవి. అధ్యక్షుడు ఆంజనేయులు ఆ జాగాను ఒక వెంచరు వాళ్ళకు లీజుకు ఇద్దామని చూస్తున్నాడు. ఆంజనేయులు చెడ్డవాడని అనను. మాటకారి, ఆపదకు దవాఖానకు తోడు వచ్చే మనిషి. కాని సొంత మంద అమ్మేసి చాలా ఏళ్ళయింది. మంద లేనివాడికి బీడు ప్లాట్లలాగే కనబడుతుంది.

అతనికి ఎదురు నిలిచింది యాదమ్మ. యాభై దాటిన మనిషి. భర్త బీరయ్య మందల వెంట ఉంటే ఊళ్ళో మాట్లాడేది ఆమే. "గుట్ట జాగా ముట్టనియ్యం" అన్న ఒక్క మాట మీద ఆమె పక్షం నిలబడింది. వానకాలంలో ఎన్నిక పెట్టాను. సభ్యులు తొమ్మిది మందిలో ఆరుగురిని ఆమె పక్షం నుంచే గెలిపించారు. శనివారం సాయంత్రం ఫలితం చెప్పాను. మర్నాడు ఆదివారం, సోమవారం నాకు కొల్లాపూర్‌లో ఇంకో సంఘం పని. అందుకని అధ్యక్ష ఎన్నిక మంగళవారానికి వేశాను.

ఆ మూడు రోజులు చాలు. ఆదివారం పొద్దున ఆరుగురిలో ఇద్దరు కనబడలేదు. మంగళవారం కొత్త అంగీలు తొడుక్కుని కారు దిగారు. చేతులు లేచాయి. ఆంజనేయులుకు ఐదు, యాదమ్మకు నాలుగు. నేను రాసుకున్నాను.

రిజిస్టరు మూస్తుంటే యాదమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. "సారూ, ఊరు ఆరుగురిని గెలిపిచ్చింది. మూడు దినాలల్ల నలుగురమైనం. ఊరు ఏసిన ఓటు ఏడవాయె?"

"బైలా ప్రకారం సరిగ్గానే జరిగిందమ్మా" అన్నాను.

"సరిగ్గ జరిగిందా అని అడగలె సారూ. ఏడవాయె అని అడిగిన."

బస్సుకు టైమయిందని బయటపడ్డాను. దారంతా ఆ ఇద్దరినీ తిట్టుకున్నాను, గోడ మీద పిల్లులని. నన్ను నేను తిట్టుకోవలసిందని తర్వాత తోచింది. మూడు రోజుల గడువు ఇచ్చింది నేనే. మీకు చెప్పే మొదటి మాట ఇదే. డైరెక్టర్లు గెలిచిన గంటలోనే, ఎవరూ గడప దాటకముందే అధ్యక్ష ఎన్నిక ముగించండి. రాత్రయినా ఫరవాలేదు, భోజనం లేకపోయినా ఫరవాలేదు.

రాష్ట్రపతి సంతకం

లీజుకు డైరెక్టర్ల తీర్మానం చాలదు, సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి. ఆంజనేయులు రెండుసార్లు ఆ అంశం తెచ్చాడు. రెండుసార్లూ సభలో లొల్లి అయి వాయిదా పడింది. అట్లా నాలుగేళ్ళు గడిచాయి. అయిదో ఏడు దగ్గర పడుతుండగా, వానకాలం మహాసభలో యాదమ్మ ఒక తీర్మానం పెట్టింది. ఇకనుంచి అధ్యక్షుణ్ణి సభ్యులందరూ నేరుగా ఎన్నుకోవాలి. శాఖ తరఫున నేనూ అక్కడ కూర్చున్నాను.

చదువుకున్నవాళ్ళ సభల్లో ఈ విషయం మీద చాలా ఉపన్యాసాలు విన్నాను. ఆ షెడ్డు ముందు గొర్రెల వాసనలో విన్నంత మంచి చర్చ మాత్రం ఎక్కడా వినలేదు.

ముందు లేచింది కొమురయ్య. డెబ్బై దాటిన పెద్దమనిషి, వాగవతలి చిన్న పల్లె ఆయనది. "నేను ఒప్పుకోను" అన్నాడు. "పెద్దూర్ల నూటెనభై మంది ఉన్నరు. మా పల్లెల ముప్పై. నేరుగ ఓటంటే మా పల్లెటోడు ఎన్నడన్న అధ్యక్షుడైతడా? ఇప్పుడు మాకొక డైరెక్టరన్న ఉన్నడు. మా అవసరం పడుతది, అడుగుడుకు మా ఇంటికొస్తరు."

"అడుగుడుకు వస్తరు పెద్దయ్యా" అంది యాదమ్మ. "అడిగినంక కారెక్కిస్తరు."

సభంతా నవ్వింది. కొమురయ్య నవ్వలేదు. క్యాంపుకు పోయిన ఇద్దరిలో ఒకడు ఆయన తమ్ముని కొడుకే.

ఆంజనేయులు కూడా గట్టిగానే మాట్లాడాడు. "నేరుగ ఓటంటే ఊరు రెండు ముక్కలైతది. అన్నదమ్ములు మాట్లాడుకోరు. తొమ్మిది మంది కూసోని తేల్సుకుంటే గొడవ ఆ అర్ర దాటదు" అన్నాడు. అందులో కొంత నిజం ఉంది. సర్పంచు ఎన్నికల తర్వాత ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళకు పిలుచుకోని ఇళ్ళు నేను చూశాను.

ఇక నా వంతు వచ్చింది. నాకు తెలిసిన పెద్ద ఉదాహరణ తీశాను. "అమ్మా, దేశానికి రాష్ట్రపతిని కూడా మనం నేరుగా ఎన్నుకోం. మనం గెలిపించిన ఎంపీలు, ఎమ్మెల్యేలే ఎన్నుకుంటారు. అంత పెద్ద పదవికి లేనిది మన సంఘానికి ఎందుకు?"

యాదమ్మ అందుకుంది. "రాష్ట్రపతి మా మేత జాగా మీద సంతకం పెట్టడు గద సారూ" అంది. "మా బతుకు మీద సంతకం పెట్టెటోన్ని మేం ఎన్నుకుంటమంటున్నం."

నేను ముప్పై ఏళ్ళలో విన్న వాదాలన్నిటికంటే గట్టి వాదం అది. అయినా చట్టం ఒప్పుకోదని, తీర్మానం పైకి పంపినా తిరిగి వస్తుందని చెప్పి కూర్చున్నాను.

అప్పుడు కొమురయ్య మళ్ళీ లేచాడు. గొంతు తగ్గింది. "మా ఇంటోడే మాట తప్పిండు. నేను ఏం మాట్లాడుదు? ఒక పని చేద్దాం. సర్కారు కాయిదం మీద డైరెక్టర్లే ఎన్నుకోనీ. దానికి ముందు మనమందరం తేల్చుకుందాం. మనం ఎవరంటే తొమ్మిది మంది వాళ్ళకే చెయ్యెత్తాలె. మన దేవుడు బీరప్ప మీద ఒట్టు పెట్టాలె."

ఎట్లా తేల్చుకోవాలన్నదీ ఆయనే చెప్పాడు. ప్రతి మనిషీ తన కట్టె, అంటే మంద తోలే చేతికర్ర, తెచ్చి తాను కోరుకున్న వాళ్ళ ముందు పెట్టాలి. "ఎత్తిన చెయ్యి దించొచ్చు. కట్టె ఎవరిదో ఊరందరికీ ఎరుకే" అన్నాడు. ఓటు రహస్యంగా ఉండాలని నేను గొణిగాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆంజనేయులు కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకోక తప్పలేదు.

కట్టెలు

మరుసటి ఆగస్టు ఆఖరుకు నా రిటైర్మెంటు. చేతిలో పదకొండు సంఘాల ఎన్నికలు ఉన్నాయి. అన్నీ ముగించి చేతులు దులుపుకుని దిగిపోవాలని నా పట్టుదల. క్యాలెండరు ముందు పెట్టుకుని, బస్సు రూట్లు చూసుకుని తేదీలు వేశాను. ఆ ఊరికి పాలకవర్గం గడువు వానకాలం దాకా ఉన్నా, ఏప్రిల్ తేదీ వేశాను.

యాదమ్మ ఫోన్ చేసింది. "సారూ, మందలు కృష్ణ దిక్కు పోయినయి. మా మొగోళ్ళందరు ఆడనే ఉన్నరు. వానలు పడినంక మర్లుతరు. తేదీ జర జరపరాదు?"

"నోటిఫికేషన్ అయిపోయిందమ్మా" అన్నాను. జరపవచ్చు. రెండు కాగితాల పని. జరపలేదు.

ఎన్నిక రోజు పొద్దున్నే డైరెక్టర్లను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు, అన్ని పక్షాలవాళ్ళూ ఉన్నారు. తొమ్మిది మందీ ఒట్టు పెట్టారు. షెడ్డు ముందు రెండు గొంగళ్ళు పరిచారు, ఒకటి యాదమ్మది, ఒకటి ఆంజనేయులుది. కొమురయ్య నా దగ్గరికి వచ్చి, "సారూ, మాలో ఎవరు లెక్కవెట్టినా ఇంకొకలు నమ్మరు. నువ్వు లెక్కవెట్టు" అన్నాడు. సర్కారు పని కాదు కనుక రిజిస్టరు తెరవకుండా ఒప్పుకున్నాను. ఇంతమంది నన్ను నమ్మారని లోపల సంతోషంగా కూడా ఉంది.

ఒక్కొక్కరే వచ్చి కట్టెలు పెడుతున్నారు. ఇంతలో కొల్లాపూర్ దిక్కునుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చింది. అందులో ఒక ముసలి కాపరి, తాడుతో కట్టిన కట్టెల మోపు. మందల వెంట ఉన్న నలభై ఏడుగురు తమ కట్టెలు పంపారు. ఆ ముసలాయన ఒక్కో కట్టె తీసి, ఇది ఫలానా వాడిది, ఫలానా వాళ్ళకు పెట్టమన్నాడు అని చెప్తూ పెట్టుకుంటూ పోయాడు. నలభై ఒకటి యాదమ్మ గొంగడి మీద, ఆరు ఆంజనేయులు గొంగడి మీద. ఎవరూ, ఆంజనేయులు కూడా, అడ్డు చెప్పలేదు.

నేనే లేచాను. నా కళ్ళకు అక్కడ బీరయ్యలు, మల్లయ్యలు కనబడలేదు. మా నాయిన ఓటు వేయించిన ఆ ఆసామి కనబడ్డాడు. "మనిషి లేని ఓటు ఓటు కాదు" అన్నాను. "ఒకరి ఓటు ఇంకొకరు వేయడం నేను ఉండగా జరగదు. ఈ నలభై ఏడూ పక్కకు తీయండి."

"సారూ, ఆళ్ళు పంపినయే గద" అంది యాదమ్మ.

"ఎవరు పంపినా సరే."

నన్ను లెక్క పెట్టమన్నారు, తీర్పు చెప్పమనలేదు. ఆ తేడా నాకు ఆ క్షణాన తట్టలేదు. సర్కారు మనిషి మాట కదా, కొమురయ్య తలవంచుకుని మోపు మళ్ళీ కట్టాడు. మిగిలినవి లెక్కపెట్టాను. ఆంజనేయులుకు డెబ్బై ఐదు, యాదమ్మకు యాభై ఆరు. ఆ నలభై ఏడూ కలిపితే తొంభై ఏడు, ఎనభై ఒకటి అయ్యేవి. అది నేను తర్వాత బస్సులో వేసుకున్న లెక్క.

రిజిస్టరు తెరిచి అధ్యక్ష ఎన్నిక నడిపాను. ఆంజనేయులు పేరు చదివాను. ఎనిమిది చేతులు లేచాయి. తొమ్మిదో చెయ్యి యాదమ్మది. ఆమె నా వైపు చూడకుండా చెయ్యెత్తింది.

"మీరు ఎత్తాలని రూలేమీ లేదమ్మా" అన్నాను మెల్లగా.

"ఒట్టు వెట్టిన సారూ" అంది. "రూలు గాదు."

ఊరంతా నేరుగా ఎన్నుకోవాలని యాదమ్మ ఐదేళ్ళు కొట్లాడింది. తీరా నేరుగా ఎన్నుకున్న రోజున, ఊళ్ళో సగం మగవాళ్ళు లేకుండా తేదీ వేసి, వాళ్ళు పంపిన మాటను కూడా పక్కకు తోసి, కంచే చేను మేసినట్టు చేశాను. అదివరకు ఆంజనేయులు ఐదు చేతుల అధ్యక్షుడు. నా పుణ్యమా అని ఇప్పుడు ఊరు ఎన్నుకున్న అధ్యక్షుడు అయ్యాడు.

బీరయ్య వచ్చాడు

జులైలో ఒకనాడు బీరయ్య మహబూబ్‌నగర్ ఆఫీసుకు వచ్చాడు. యాదమ్మ భర్త. అంతకుముందు నేను ఆయన్ను రెండుసార్లే చూశాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా కట్టె ఎందుకు పక్కకు వెట్టినవ్ సారూ?"

రూలు చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ రెండు దినాలు నేను కట్టె లేకుంట మంద ఎంబడి తిరిగిన. కుక్కలొస్తే రాళ్ళు ఏసిన. కాపరి కట్టె ఇచ్చుడంటే ఏందో నీకు ఎర్కలేదు. నా చేతులకెల్లి ఎవడూ గుంజుకోలె. నేనే ఇచ్చిన, ఎవరికి వెట్టాల్నో నేనే చెప్పి పంపిన."

నాకు ముఖం ఎత్తబుద్ధి కాలేదు. మా నాయిన ఓటు గుంజుకున్నది. బీరయ్య ఓటు ఇచ్చి పంపినది. ఆ తేడా ఊళ్ళో చదువురాని ముసలివాళ్ళకు తెలిసింది, ఆ బాధలో పుట్టి పెరిగిన నాకు తెలియలేదు. "తప్పు నాదే బీరయ్యా" అన్నాను. ఆఫీసులో ఇద్దరు గుమస్తాలు తల ఎత్తి చూశారు. చూడనిచ్చాను.

అప్పుడు కూర్చున్నాడు. అసలు సంగతి చెప్పాడు. పాత డైరెక్టర్లు దిగేముందు లీజుకు ఒప్పుకుంటూ తీర్మానం చేసిపెట్టారు. ఇక సర్వసభ్య సమావేశం ఒక్కటే మిగిలింది. ఆంజనేయులు దాన్ని ఫిబ్రవరిలో పెడదామంటున్నాడు. మందలు మళ్ళీ పోయాక. ఆ ఉపాయం వాడికి నేర్పింది ఎవరో వేరే చెప్పాలా.

రూలు పుస్తకం తీశాను. ఈసారి తప్పించుకోవడానికి కాదు. సభ్యుల్లో అయిదో వంతు మంది సంతకాలు చేసి కోరితే ప్రత్యేక సమావేశం పెట్టి తీరాలి, పెట్టకపోతే మా శాఖే పెట్టాలి. అది చదివి వినిపించాను.

"సంతకాలు కావాల్నా, మనుషులు కావాల్నా?" అన్నాడు బీరయ్య.

"రెండూ" అన్నాను.

లీజు సంగతి మందలు ఊళ్ళో ఉండగానే తేల్చాలని వారంలో నూట అరవై సంతకాలు, వేలిముద్రలు వచ్చాయి. ఆగస్టు రెండో వారానికి తేదీ వేసి ఫైలు పైకి తీసుకుపోయాను. మా జిల్లా అధికారి నా కంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. "నెల తిరిగేసరికి దిగిపోతున్నారు. ఇప్పుడెందుకండీ ఈ గొడవ? వచ్చేవాళ్ళు చూసుకుంటారు" అన్నాడు.

"నేను చేసిన తప్పు వచ్చేవాళ్ళు ఎందుకు చూసుకోవాలి సార్?" అన్నాను. సంతకం అయ్యేదాకా ఆయన బల్ల ముందునుంచి కదల్లేదు.

నేనేమంటానంటే

అధ్యక్షుణ్ణి సభ్యులు నేరుగా ఎన్నుకోవాలా? ఎన్నుకోవాలి. ఎవరి సంతకంతో నా బతుకు మారుతుందో వాణ్ణి ఎన్నుకునే హక్కు నాది. తొమ్మిది మందిని కారెక్కించడం సులువు, రెండు వందల మందిని ఎక్కించే కారు ఇంకా పుట్టలేదు. కాని నేరుగా ఓటు అన్నంత మాత్రాన న్యాయం జరిగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఓటు ఎప్పుడు, ఎవరు ఊళ్ళో ఉండగా పెట్టారన్నది ముందు అడగండి. తేదీ వేసే కలం మీ చేతిలో ఉంటే, ఫలితం సగం మీరే రాస్తున్నారని గుర్తుంచుకోండి. గొర్రెల సంఘానికి ఎండాకాలం, ఇటుక బట్టీలకు పోయే కూలీల ఊరికి సంక్రాంతి తర్వాతి నెలలు ఎన్నికలు పెట్టకండి. ముందు ఊరికి పోయి, ఎవరి ఇంటికి తాళం ఉందో చూసి రండి.

కొమురయ్య అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. చిన్న పల్లెవాడు నేరుగా ఓటులో ఎన్నటికీ గెలవడు. ఆ మాట నిజం. జవాబు లేదని నిజం దాచకూడదు కనుక రాస్తున్నాను. మీలో ఎవరికైనా తోస్తే మంచిది.

ఆ ఆగస్టు సమావేశం నా చివరి పని. పొద్దున్నుంచి సన్నటి జల్లు. మందలు గుట్ట కింద బీడులో ఉన్నాయి, పిల్లల్ని కాపలా పెట్టి పెద్దవాళ్ళందరూ వచ్చారు. షెడ్డు పట్టలేదు. తలల మీద గొంగళ్ళు కప్పుకుని బయట వరుసలుగా కూర్చున్నారు. ఆంజనేయులు లేచి ఎజెండా చదివాడు. గొర్రెలకు తాగించే నట్టల మందు సంగతి అయింది. రెండో కాగితం చేతికి తీసుకుని జనం వైపు ఒకసారి చూశాడు. కాగితం మడిచాడు.

"ఈ అంశం వచ్చే సమావేశానికి వాయిదా ఏస్తున్నం" అన్నాడు.

చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కొందరు లేచి వెళ్ళబోయారు కూడా. యాదమ్మ లేచింది.

"వాయిదా గాదు మరిదీ. సదువు."

"ఎవ్వరికీ ఇష్టం లేదని కనబడుతనే ఉంది గద వదినా. ఇగ సదువుడెందుకు?"

"సదువకుంటే మేం కాదన్నట్టు పుస్తకంల ఎక్కది. మేం మంద కొట్టుకుని పోయినంక మళ్ళ తీస్తవు. సదువు."

ఆంజనేయులు నా వైపు చూశాడు. నేను రిజిస్టరు తెరిచి కలం పట్టుకున్నాను. అతను కాగితం విప్పి, గుట్ట కింద నలభై ఎకరాలు లీజుకు ఇచ్చే తీర్మానం మొదటినుంచి చివరిదాకా చదివాడు.

అనుకూలమైనవాళ్ళు చేతులెత్తమన్నాను. పాత తీర్మానం మీద సంతకాలు చేసినవాళ్ళు ముందు వరుసలోనే ఉన్నారు, చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. "నువ్వు?" అంది యాదమ్మ ఆంజనేయులుతో. అతను కాగితం బల్ల మీద పెట్టి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

వ్యతిరేకమైనవాళ్ళు ఎత్తమన్నాను. తడిసిన చేతులు, ముసలి చేతులు, గాజుల చేతులు, వెనక వరుసలో వాగవతలి పల్లెవాళ్ళవి కూడా. కళ్ళతో చూస్తేనే తెలిసిపోతోంది. ఏకగ్రీవం అని ఒక్క మాట రాసి ముగించవచ్చు. అట్లాగే రాయబోయాను.

"మెల్లగ లెక్కవెట్టు సారూ" అన్నాడు బీరయ్య చెయ్యి దించకుండా. "ఈసారి అందరం ఉన్నం."

లేచి వానలోకి వెళ్ళి మొదటి వరుస నుంచి ఒక్కొక్కరినే లెక్కపెట్టాను.